ఏ మబాసో?

బిడ్డ మళ్ళీ పాలు కక్కింది.

"తండ్రి వైపు పెద్దలకు చూపించలేదుగా, అందుకే," అంది పక్కింటి మాడ్లోమో. "మబాసో ఇంటిపేరున్న మగమనిషి పొగ వేసి, పోయినవాళ్ళందరినీ వరసగా పిలిచి, ఇదిగో మీ పిల్ల అని చెప్పాలి."

నొంతోబెకోకు దిక్కు తోచలేదు. భర్త సిబోనెలో పోయాడు. రేడియోలో శాక్సఫోన్ వినిపిస్తే "మా నాన్న వెలాఫీ కూడా ఇలాగే ఊదేవాడు" అనేవాడు. ఆ నాన్న పరాయి దేశం వెళ్ళి అక్కడే పోయాడనీ చెప్పాడు.

"సొవెటోలో మబాసోలకేం కొదవే?" అంది మాడ్లోమో. " మా రేకుల గదిలోకి ఒక ముసలాయన దిగాడు. ఆయనా మబాసోనేనట."

ఇద్దరూ వెళ్ళారు.

"ఏ మబాసో తాతా మీరు? గోల్ కొట్టేవాడా, మంత్రిగారా, శాక్సఫోన్ ఊదేవాడా?" మాడ్లోమో ఆటపట్టించింది.

"బస్సులో నిలబడి పోయే మబాసోని."

వచ్చిన పని, పిల్ల తండ్రి పేరు విన్నాక ఆయన చూపు బిడ్డ మీదే ఉంది.

"వస్తానమ్మా," అన్నాడు.

ఆదివారం మేకను కోశారు. ఎండు ఇంపెఫో ఆకు పొగ ముందు కూర్చుని, ముసలాయన ఎప్పటెప్పటివాళ్ళనో పిలుచుకుంటూ వచ్చాడు. చివరికి "సిబోనెలో" అన్నాడు. ఆ పేరు మాత్రం రెండుసార్లు పిలిచాడు.

"మా మామగారిని దాటేశారు," అంది నొంతోబెకో. "వెలాఫీ."

"ఆ పేరు ఇప్పుడొద్దమ్మా."

"ఎందుకొద్దు?"

ఆయన బిడ్డను చూసి, నిప్పు మీద ఇంకో ఆకు వేశాడు.

"నాకు తెలిసినవి రెండే పేర్లు. అందులో ఒకటి మింగేశారు. మిగతావి ఎన్ని కల్పించారో. ఇంటిపేరు కలిస్తే మాంసానికి వచ్చేయడమేనా?"

ఆయన మెల్లగా లేచాడు.

"పిల్లనొకసారి ఎత్తుకోనా?"

"అక్కర్లేదు."

పళ్ళెం ముట్టకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎదురుపడినా ఆమె పలకరించలేదు.

చలికాలంలో ముసలాయన పోయాడు.

"నువ్వన్నా రావే, పెట్టె వెనక నడిచేవాళ్ళే లేరు," అని మాడ్లోమో బతిమాలితే, బిడ్డను వీపున కట్టుకుని వెళ్ళింది నొంతోబెకో.

గోతి పక్కన పాస్టరు, చివరి రోజుల్లో ముసలాయన తనతో చెప్పుకున్నది చెప్పాడు.

"వెలాఫీ మబాసో. సిబోనెలోకి తండ్రి."

నొంతోబెకో గుప్పిట్లో మట్టి గుప్పిట్లోనే ఉండిపోయింది.

పొగ ముందు పిలిచేది పోయినవాళ్ళనే. బతికున్న మనిషి తన పేరు తానెలా పిలుచుకుంటాడు.