నల్లబడిన రూపాయి

“నన్ను సంపాలనే తెచ్చినావా రా ఈ గొడుగులు?”

మునసబు లక్ష్మన్న అరుపుకు వీధి వీధంతా ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఆయన చేతిలో వెండి రూపాయి ఉంది. పుట్టగొడుగుల కూర ఉడుకుతుంటే అందులో వెండి వేసి చూడటం ఆ ఇంటి ఆనవాయితీ. విషముంటే వెండి నల్లబడుతుందని నమ్మకం. రూపాయి బొగ్గులా ఉంది.

గొడుగులు తెచ్చిన గోపన్నకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? తెల్లారకముందే లేచి, కంపల్లో పడి, కాళ్ళు చీరుకుపోతున్నా పెరికిన గొడుగులవి. చేను దున్నేది గోపన్న, పుట్ట ఉన్నది ఆ చేలోనే. తొలివాన గొడుగులు తినే నోరు మాత్రం మునసబుది!

“ఏవి తినేటివో ఏవి కావో నాకు తెలీదా సామీ? మా నాయన కాలం నుంచి పెరికి మీ ఇంటికే ఇస్తాండాం.”

“వెండి అబద్ధం చెప్తాదా? కట్టుబాటు తెలుసు గదా. నల్లబడితే తెచ్చినోడే తినాల. తిను!”

“తింటా! సట్టి ఇట్ల పెట్టండి!” గోపన్న విసురుగా కింద కూర్చున్నాడు.

లోపల ఆ ఇంటి అంట్లు తోముతున్న అతని పెళ్ళాం సుంకులమ్మ కొంగు దోపుకుని బయటికి వచ్చింది. గుండెలు బాదుకుంటుందనుకున్నారంతా. ఆమె మునసబును ఉరిమి చూసి, మొగుడి పక్కనే చతికిలబడింది.

“ఈయప్ప పోయినాక నేనుండి ఎవురిని ఉద్ధరించాల? నేనూ తింటా. ఒట్టి కూరతో ఎట్ల సావాల? నాలుగు ముద్దలు సంగటి పెట్టించండి!”

సంగటి వచ్చింది. ఇద్దరూ సట్టి అడుగు దాకా ఊడ్చి తిన్నారు. మునసబు అరుగు మీద కూర్చుని పొద్దు వాలేదాకా వాళ్ళనే చూశాడు. ఎవరి నోటా నురగ రాలేదు. గోపన్నకు త్రేన్పు వచ్చింది. మునసబు పళ్ళు కొరికి, “పోండి!” అన్నాడు.

ఇంటిదారి పట్టినా గోపన్న కోపం చల్లారలేదు. “మంచి గొడుగులకు వెండి ఎట్ల నల్లబడె? ఊరందరి ముందర నన్ను ఇసం పెట్టినోన్ని చేసె గదే!”

“అరవాకప్పా! పెండ్లయి పదేండ్లాయె, నువ్వు పెరికిన గొడుగులు ఒక్క తూరన్నా నా నోట్లో పడెనా?” సుంకులమ్మ కసిరింది. “అందుకే, కడుక్కోని రమ్మని రూపాయి నా చేతికిస్తే, గజ్జికి తెచ్చిన గంధకం బాగా రుద్ది ఇచ్చినా.”