రాజుగారి పాదం కింద

కోట పడిపోయాక రాజుగారు నేతగాడి పాత గుడ్డ కప్పుకుని మా మగవాళ్ళ వరసలో నిలబడ్డారు. ఆయన చెప్పులు మోసే అంపెంని నేను, పక్కనే ఉన్నాను.

“మీ రాజెవడో చూపించండి. మిగతావాళ్ళు ఇళ్ళకి పోవచ్చు,” అన్నాడు తెల్లదొర దుబాసీ.

“మీ పెద్దదొరని చూద్దామని ఓడెక్కి మీ దేశమే వెళ్ళాడు. దారిలో ఎదురవలేదూ?” అన్నాడు కల్లుగీసే ముసలాయన. అందరం నవ్వాం.

దొరకి ఒళ్ళు మండింది. అందరినీ చెప్పులు విప్పి నడవమన్నాడు.

ఆఫ్రికా పడమటి తీరాన మా అకాన్ జాతివాళ్ళలో రాజు వట్టి పాదం నేలకి తగిలితే దేశానికి కరువు. ఆయన చెప్పులోంచి పాదం తీసి, దించలేక ఒక్క క్షణం ఆగారు. దించేసరికి దాని కింద నా అరచేతులున్నాయి.

అది చూసి సిపాయిలు ఆయన్ని పట్టుకున్నారు.

“నీ తప్పు కాదులే అంపెం, చేతుల అలవాటు,” అన్నారాయన వెళుతూ.

ఊరూ అదే అంటుంది. కరువు రాకుండా కాసిన చేతులని, ఏటా కొత్త పెండలం దుంపల పండగనాడు పెద్ద ముక్క నాకే పెడతారు.

తింటాను. పాదం గాల్లో ఉండగా, దొర మొహం మావైపు తిరిగేదాకా ఆగి, అప్పుడే చేతులు చాపానని ఎవరితో చెప్పను?