కంట్లో బొమ్మ

"ఇది కండ్లుండి చేసిన పనేనా?" అని నా కొడుకు వెంకటేశులు మగ్గం గుంతలోంచే అరుస్తాండాడు. వాని పెండ్లాం రామాంజినమ్మ ఎర్రపోగుల్ని కాఫీరంగు పోగులకు అతికేసింది. పట్టుచీర చెడింది. "మూట కట్టుకో. రేపు సోమందేపల్లిలో మీ నాయన దగ్గర వదిలేసి వస్తా."

కోడలు పోగులు అతికేదానికి పూసుకున్న బూడిద అంటిన వేళ్లతో అట్లే కూర్చోనుండాది.

వాని మాటకు నాకూ ఒళ్లు మండింది. నేనూ అరిస్తే వానికీ నాకూ తేడా యాడుండాది?

"ఒరే, మొన్న నా కన్ను కోసిన హిందూపురం డాక్టరు ఒక మాట చెప్పినాడు," అన్నా. "మనం కంటిపాప అంటామే, దానికి ఇంగ్లీషోళ్లు పెట్టిన పేరు కూడా చిన్నబొమ్మ అనే పాత మాటలోంచే పుట్టిందంట. దగ్గరికి పోయి చూస్తే మన రూపమే బొమ్మ మాదిరి కనపడతాది, అందుకని. పెండ్లయి ఇన్నేండ్లాయ, నీ పెండ్లాం కంట్లో బొమ్మని ఎప్పుడన్నా చూసినావా, మొగోడా?"

"ఎకసెక్కాలు ఆపు నాయనా."

"చూసొచ్చి అరుచుకో పో."

వాడు కోపంగానే లేచొచ్చి, ఆయమ్మ గడ్డం పట్టుకొని చూసినాడు. చూస్తానే చేయి వదిలేసినాడు.

"కుడికంట్లో బొమ్మ లేదు నాయనా. తెల్లగా పొర కమ్ముకోనుండాది."

"ఎడమకంట్లో?"

కోడలే పలికింది.

"దాంట్లో నోరు తెరిచి అరిచే మనిషి కనపడింటాడు మామా. కన్ను మసగ్గా ఉండాదని చెబుదామని తలెత్తినప్పుడల్లా నాకు కనపడింది ఆయనే."