సిగ్నల్ పంపింది ఎవరు?

ఐసీయూలో అలారం తెర మళ్ళీ నల్లబడింది.

ఈసారి దాని దగ్గర ఎవరూ లేరు. కొత్త నర్సు చూసి కేక వేయబట్టి సరిపోయింది.

సరిగ్గా నెల కిందట ఇలాగే ఆగినప్పుడు, ఒక పెద్దాయన ఊపిరందక కొట్టుకున్నా ఎవరికీ తెలియలేదు. ఆయన ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ పూట అక్కడ నర్సుగా డ్యూటీలో ఉన్నది మా వదిన. మోత భరించలేక తనే ఆపేసిందన్నారు. సంజాయిషీ వినకుండానే ఇంటికి పంపేశారు.

ఆసుపత్రి కంప్యూటర్లకు జలుబు చేసినా జ్వరం వచ్చినా పిలిచేది నన్నే. అప్పుడూ నేనే చూశాను. అలారం ప్రోగ్రాంకి తొమ్మిదో నంబరు సిగ్నల్, అంటే ఉన్నపళంగా ఆగిపొమ్మనే ఆదేశం, అందింది. అదందితే అంతే, ఒక్క ముక్క రాసుకునే వ్యవధి కూడా ఉండదు. ఆపే బటన్ నొక్కినా వెళ్ళేది ఆ సిగ్నలే. పంపిందెవరో మాత్రం ఎక్కడా లేదు.

"నిజం చెప్పు వదినా, నువ్వే నొక్కావా?" అన్నాను ఆ రోజు. నోరెలా వచ్చిందో!

ఆమె ఏడవలేదు. "ఆ మిషన్‌నే అడుగు," అంది.

అందుకే కంప్యూటర్లో ఒక నిఘా ప్రోగ్రాం పెట్టాను. ఏ ప్రోగ్రాం దేనికి ఏ సిగ్నల్ పంపినా టైముతో సహా రాసుకుంటుంది.

ఇవాళ అది తెరిచాను. ఆసుపత్రి మేనేజర్ నా వెనకే నిలబడ్డాడు.

బటన్ కాదు. పంపింది ఒక చిన్న స్క్రిప్టు, తనంతట తానే నడిచే నాలుగు లైన్ల ప్రోగ్రాం. నెల దాటి ఆగకుండా నడిచే అలారం ప్రోగ్రాంని పాత కాపీ అనుకుని చంపేస్తుంది. రెండు నెలల కిందట పరీక్షల కోసం పెట్టి, తీయడం మరిచిపోయినది.

పెట్టినవాళ్ళ పేరు పక్కనే ఉంది. నాదే.

మేనేజర్ గొంతు తగ్గించాడు. "చూడమ్మా, విచారణ ఎలాగూ ముగిసింది. అది తీసేసి, కారణం తెలియలేదని రాసెయ్. నీ ఉద్యోగం నీకుంటుంది."

"మరి మా వదిన?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఫోన్ చేశాను.

"వదినా, దొరికింది. నువ్వు కాదు."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఎవరట మరి? పాపం, వాళ్ళనీ నాలాగే పంపించెయ్యకండే. ఏం జరిగిందో ఒక్కసారి చెప్పుకోనివ్వండి."

మేనేజర్ వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

"చెప్పుకుంటాను, విను వదినా," అన్నాను.