పొట్ట జర వదులు చెయ్

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు. సీతామహాలక్ష్మికి విరేచనం కాక ఐదు రోజులు.

దిల్‌సుఖ్‌నగర్ సందులో చైనా మసాజు చేస్తారని, పొట్ట నొక్కితే చాలు, మందులక్కర్లేదని భర్త త్రినాథరావే కనుక్కొచ్చాడు. బస్సుల్లేవు. ఎల్‌బీ నగర్ నుంచి స్కూటరు మీద తీసుకొచ్చి గుమ్మం ముందు దించాడు.

"అడిగినదానికే జవాబు చెప్పు. మన కోస్తా యాస బయటపడనీకు. రోజులు బాలేవు."

ఆమె తలూపింది. ఈ మధ్య తలూపడమే పని. కూరల బండి దగ్గర నోరు విప్పాల్సొస్తుందని కూరలు కొనడమే మానేసింది. రెండు పూటలా పప్పు, ఆవకాయ. భయం కూడా పాతబడి మొద్దుబారిపోయింది.

లోపల బెంచీ మీద పెంటమ్మ అనే పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

"మొగం పీక్కపోయింది గదా బిడ్డా! నువ్వే ముందుగాల పో. నా మోకాళ్లు యాడికి పోతయ్? మా భూలక్ష్మి నల్గొండ పిల్ల. చెయ్యి మంచిగుంటది."

సీతామహాలక్ష్మి మళ్లీ తలూపింది.

కర్టెన్ వెనక భూలక్ష్మి మంచం మీద దుప్పటి సర్దుతోంది.

"ఎన్ని దినాలైంది?"

"ఐదు..." రోజులు అనబోయి నాలుక మళ్లించింది. "దినాలు."

"జర పండుకో. జర గాలి పీల్చు. పొట్ట జర వదులు చెయ్."

బొడ్డుకు అటూ ఇటూ మూడేసి వేళ్ల దూరంలో బొటనవేళ్లు ఆనించి, గడియారం ముల్లు తిరిగినట్టు గుండ్రంగా నొక్కసాగింది.

సీతామహాలక్ష్మికి ఆ చేతుల మీద ధ్యాస లేదు. మాట వింటోంది. మాటకో జర. ఎంత తేలిగ్గా వస్తోందో! ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ఇలాగే అనుకోవాలనుకుంది.

ఎన్నో చుట్టుకో తెలీదు, పొట్టలో గుడగుడమంది. ఏదో కదిలింది. ఇక ఆగేలా లేదు. గబుక్కున లేచి కూర్చుంది.

"అమ్మో, వచ్చేత్తందండీ! బాత్రూమెటేపండీ బాబూ!"

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

భూలక్ష్మి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బయట పెంటమ్మ దగ్గుతోంది. భూలక్ష్మి ఒకసారి కర్టెన్ వైపు చూసి, వంగి, చెవి దగ్గర గుసగుసగా అంది.

"అటేపు తలుపండీ, కాత్త మెల్లగా మాటాడండి, పెంటమ్మగారికి నేను నల్గొండదాన్నని చెప్పానండీ."