లాథ్రప్‌కి జలుబు

వెండెల్ గోడ ఫోను పిడి తిప్పాడు. రెండు పొడుగు మోతలు, ఒక పొట్టి మోత.

ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, టై. కుర్చీలో గుండీల నమూనాల పెట్టె.

"లాథ్రప్! నేనయ్యా, వెండెల్‌ని. ఏంటి, నీ జలుబు ఇంకా తగ్గలేదా? ఉల్లిపాయ కషాయం తాగమన్నానా లేదా?"

వంటింట్లో కూతురు ఓపల్ చేతిలో గరిటె ఆగిపోయింది.

రోజూ ఈ వేళకి ఆమె వెన్న ఫ్యాక్టరీలో ఉంటుంది. ఇవాళ బాయిలర్ చెడిపోయిందని ఇంటికి పంపేశారు. నాన్న ఫోన్ల సంగతి సాయంత్రం ఆయన చెబితే వినడమే గాని, చూడటం ఇదే మొదలు.

"ముత్యపు గుండీలు నాలుగు డజన్లు కావాలన్నాడమ్మా లాథ్రప్!" అంటాడు.

"మంచిది నాన్నా" అంటుంది.

లాథ్రప్ పోయి మూడేళ్లయింది. నాన్న ఇరవయ్యేళ్లు తిరిగి గుండీలు అమ్మిన ఆ కొట్టు కూడా ఆయనతోనే పోయింది. వీధి మొత్తానికి ఒకటే తీగ, ఇంటికో మోత; ఎవరు ఎత్తినా అందరి మాటలూ వినబడతాయి. లాథ్రప్ కొట్టు మోతకి ఇప్పుడు పలికేవాళ్లే లేరని ఓపల్ అనుకుంది. నాన్న ఉత్త తీగతో మాట్లాడుకుంటున్నాడు, పోనీలే అనుకుంది.

మొన్న శరత్కాలంలోనైతే పెట్టె పట్టుకుని హైవే ఎక్కేసేవాడు. ఎవరో లారీ వాళ్లు తెచ్చి దింపేవారు. ఓపల్ టోపీ దాచింది, తలుపుకి గొళ్లెం పెట్టించింది, అరిచింది. చలికాలం వచ్చేసరికి తిరుగుడు మానేశాడు. తన కేకలే పనిచేశాయనుకుంది.

"వస్తానయ్యా, వచ్చి స్వయంగా చూపిస్తా" అంటున్నాడు వెండెల్. అంతలోనే "ఏంటీ? మంచు కరిగేదాకా రావొద్దా? సరే సరే, నీ కొట్టు, నీ ఇష్టం" అని నవ్వాడు.

ఆ నవ్వు ఓపల్ భరించలేకపోయింది.

"నాన్నా, ఇలా ఇవ్వు."

"వ్యాపారం మాట్లాడుతుంటే ఏంటే ఇది!"

రిసీవర్ లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. ఊరికే, ఆ నిశ్శబ్దం వినాలని.

అవతల ఎవరో దగ్గారు.

ఆ దగ్గు ఆమెకి తెలుసు. మందుల షాపులో దగ్గు బిళ్లలు కొనే పొడుగాటి మనిషి. బ్రిగ్స్ గారింట్లో కొత్తగా అద్దెకి దిగాడు. మొన్న టోపీ తీసి, "నాన్నగారు కులాసాయేనా?" అని అడిగాడు. ముక్కూ మొహం తెలియనివాడికి మా నాన్న ఊసెందుకని, జవాబివ్వకుండా వచ్చేసింది.

ఇదన్నమాట సంగతి!

"దొంగచాటుగా వింటున్నావా? ముసలాయనకి మతి చెడితే నీకు కాలక్షేపమా? పొద్దున్నే కూర్చుని నవ్వుకుంటున్నావా? సిగ్గులేదూ!"

"అమ్మా, ఒక్క మాట..."

"ఇంకోసారి ఈ తీగ మీద నీ దగ్గు వినిపిస్తే షెరీఫ్‌ని తీసుకొస్తా!"

ఫోను ఠక్కున పెట్టేసింది.

వెండెల్ తెల్లబోయి చూశాడు. "లాథ్రప్‌తోనా అలా మాట్లాడతావు? ఇరవయ్యేళ్ల ఖాతాదారుడే!"

మర్నాటికీ బాయిలర్ బాగవలేదు. వెండెల్ పిడి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉన్నాడు.

"ఎత్తడం లేదే. నీ మాటలకి మనసు కష్టపెట్టుకున్నాడు."

"ఎవరూ లేరు నాన్నా అక్కడ."

"ఉన్నాడు. జలుబుతో ఉన్నాడు. నేనే వెళ్లాలి."

కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. రాత్రి కూడా టై విప్పలేదు.

ఆ మర్నాడు ఓపల్ పనికి వెళ్లక తప్పలేదు. వచ్చి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది. పెట్టె లేదు.

మంచులో హైవే దాకా పరిగెత్తింది. అక్కడ లేడు. గ్యాసు బంకులో అడిగింది. చూడలేదన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, లాథ్రప్ కొట్టు. ఇప్పుడు అది బ్రిగ్స్ గారి అద్దె గదుల ఇల్లు.

అక్కడ వెండెల్ పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు, పెట్టె ఒళ్లో పెట్టుకుని. పెదాలు నీలం తిరిగాయి. కూతుర్ని చూసినా గుర్తుపట్టలేదు.

"మీ నాన్నగారా? మెట్ల మీద ఎంతసేపటి నుంచి కూర్చున్నారో తల్లీ. ఏమడిగినా పలకరు" అంది మిసెస్ బ్రిగ్స్. ఆవిడ కాన్సస్ నుంచి వచ్చి ఏడాది కాలేదు.

ఓపల్ నాన్న చేతులు రుద్దుతూ, "ఏడీ మీ ఇంట్లో దగ్గే ఆ మనిషి? ఇదంతా అతని చలవే! పిలవండి!" అంది.

"కేడీ గారా? నిన్న పొద్దుటి బస్సుకే వెళ్లిపోయారు. నేనే వెళ్లి ఎక్కించి, మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చా. తన వల్ల ఎవరింట్లోనో గొడవయిందట. ఎంత మంచిమనిషనీ! ముప్ఫయ్యేళ్లు ఊరూరా తిరిగి టైలు అమ్మారట, పాపం. పొద్దున్నే గడ్డం గీసుకుని ఫోను పక్కన కూర్చునేవారు. డాక్టరు దగ్గరికి వెళ్లమన్నా, ఆ ఫోను వచ్చాకేననేవారు."

"ఎవరి ఫోనో దొంగచాటుగా వినడానికి!"

"దొంగచాటుగానా? రెండు పొడుగు, ఒక పొట్టి మా ఇంటి మోతే కదమ్మా. కంపెనీ వాళ్లు మాకే ఇచ్చారు."

ఓపల్ చేతులు ఆగిపోయాయి.

మిసెస్ బ్రిగ్స్ పొయ్యిలో ఇంకో కట్టె వేస్తూ అంది.

"ఒక్కటే నాకు అర్థం కాలేదు తల్లీ, తన పేరు కేడీ అయ్యుండి, ఫోను ఎత్తగానే 'లాథ్రప్‌ని మాట్లాడుతున్నా' అని ఎందుకనేవారో."