టమాటా మొక్క ఏడుపు

“ఏంటీ, టమాటా మొక్క ఏడుస్తందా?” పుంజు రెక్కలు కొట్టుకుని మరీ నవ్వింది. “ఆకులు పచ్చగా ఉంటే ఏడుపేంటే?”

“దాహం మావా,” అంది చిట్టెలుక తల దించుకునే. “నీళ్లందకపోతే కాడ లోపల గాలి బుడగలు టిక్కుటిక్కుమని పగులుతాయి. అంత సన్న చప్పుడు మీకు వినపడదు, మాకు వినపడుద్ది.”

“పెరడంతా లేపే గొంతు నాది. నాకు వినపడని చప్పుడుంటదా?” అంటూ పుంజు మళ్లీ తొట్టి నుంచి మొక్కలకి నీళ్లు పారే కాలవ మట్టిలో పొర్లింది.

ఆ పొర్లాటకే కాలవ పూడిపోయింది. ఆ మాట చెప్పాలంటే చిట్టెలుకకి భయం. కానీ టిక్కుటిక్కు ఆగట్లేదు. ఉండబట్టలేక పుంజు కాళ్ల కిందే దూరి మట్టి తోడింది. తొట్టి నీళ్లు టమాటా మొక్కల మొదటి సాలుకి చేరేసరికి దాని ఓపికంతా అయిపోయింది.

మధ్యాహ్నం ఎండకి మొదటి సాలు నిటారుగానే ఉంది. రెండోది తల వాల్చేసింది.

పుంజు అటూ ఇటూ చూసింది. కాలవలోకి దిగి, రెండు కాళ్లతో మట్టి ఎగజిమ్మింది. నీళ్లు గలగలా పారాయి. సాయంత్రానికి మొక్కలన్నీ లేచి నిలబడ్డాయి. చిట్టెలుక చెవి ఒగ్గి విన్నది. టిక్కు లేదు!

అప్పుడు పుంజు గోడెక్కి, మెడ చాచి, పెరడంతటికీ చెప్పిన మాట ఇదే: “అందరూ నోళ్లు ముయ్యండి! చిట్టెలుక వింటంది!”